ఏ చందా?

దారుల్‌షిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియం గ్రంథాలయంలో రాసుకున్న నోట్సు టైపు చేస్తూ ఒక చిన్న మాక్రో పెట్టుకున్నాను: ‘చందా’ అన్నచోటల్లా ‘మహలఖా బాయి చందా’ అని పడాలి. పడింది. పత్రికల వివరాల్లోని ‘వార్షిక చందా’ కూడా ‘వార్షిక మహలఖా బాయి చందా’ అయి కూర్చుంది. ముందు నవ్వొచ్చింది.

మాక్రో అంటే రాతను రాసిపెట్టే రాత. 1963లో లిస్ప్ భాషలోకి వచ్చింది. మాక్రో తన పనికోసం పెట్టుకున్న చలరాశి పేరే, వాడేవాళ్ల ప్రోగ్రాములోనూ ఉంటే ఒకటి రెండోదాని విలువను మింగేస్తుంది. 1986లో కోల్‌బెకర్, ఫ్రీడ్‌మన్, ఫెలైసన్, డూబా దీనికి దారి చూపారు: ఏ పేరు ఏ విస్తరణలో పుట్టిందో గుర్తు వేసి ఉంచడం. 1998 నాటి స్కీమ్ ప్రమాణంలో ఇలాంటి మాక్రోలు భాగమయ్యాయి. వాళ్లు దీన్ని ‘హైజీన్’ అన్నారు. మైల పేరుతో మూల కూర్చున్న మనకు ఆ మాట చురుక్కుమంటుంది. కానీ ఇక్కడ శుభ్రత అంటే వెలి కాదు. ఒకే పేరున్న ఇద్దరు పక్కపక్కనే ఉంటూ ఎవరి అర్థం వాళ్లు నిలుపుకోవడం.

1768లో పుట్టి 1824లో మరణించిన ఆ కవయిత్రికి ‘మహలఖా’ నిజాం దర్బారు ఇచ్చిన బిరుదు. ‘చందా’ గజళ్లలో ఆమె పెట్టుకున్న సంతకం. రెండింటిలోనూ చంద్రుడే. పుట్టిన చోట్లు వేరు. నా మాక్రో ఆమె సంతకం ముందు ప్రతిసారీ దర్బారును నిలబెట్టింది.

దాన్ని తీసేశాను. ఏది ఏ చందానో చూసుకుంటూ చేత్తోనే టైపు చేస్తున్నాను.