పాత షికాగో ఎక్కడుంది?

పోయిన ఏడాది బరంపురం నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. రాసింది నా మిత్రుడి కూతురు. మిత్రుడు పోయి అప్పటికి నాలుగు నెలలు.

"బాబాయిగారూ, మీరూ నాన్నా ఓల్డ్ షికాగోలో తలకిందులైన కథ నాన్న వందసార్లు చెప్పుంటారు. మొన్న అమెరికా వెళ్ళినప్పుడు షికాగోలో ఆ పాత పేట ఎక్కడని చాలామందిని అడిగాం. ఒక్కరూ చెప్పలేకపోయారు. అరోరా బాలాజీ గుడికి వెళ్ళి, దండం పెట్టుకుని వచ్చేశాం. అసలా చోటు ఉండేదా, నాన్న సరదాకి కల్పించి చెప్పారా?"

ఉండేదమ్మా. 1975 నుంచి 1980 దాకా, అయిదేళ్ళు. మీరు వెతకవలసింది షికాగోలో కాదు. నగరానికి నైరుతిగా ముప్ఫై మైళ్ళ దూరాన బోలింగ్‌బ్రూక్ అనే ఊరుంది. మీరు చూసిన గుడికి అది ఎంతో దూరం కాదు. ఆమెకు రాసిన జవాబే కొంచెం పెంచి ఇక్కడ రాస్తున్నాను. ఆ చోటును కళ్ళారా చూసిన మా ఇద్దరిలో ఇప్పుడు నేనొక్కడినే మిగిలాను గనక.

షికాగోకు వేడుక చూడడం కొత్త కాదు. ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల ఎత్తున ఇనుప రాట్నం నిలబెట్టింది అక్కడే, 1893 ప్రదర్శనలో. మన తిరునాళ్ళలో తిరిగే జెయింట్ వీళ్ళకు అదే పెద్దమ్మ. తరవాత 1904లో రివర్‌వ్యూ అనే వినోదవనం వచ్చింది. అరవై ఏళ్ళకు పైగా నడిచి 1967లో మూతపడింది. అలాంటి ఆరుబయలు వనాలకు ఒకటే తంటా. మంచు పడిందంటే ఏడాదిలో సగం తాళం వేసుకోవలసిందే.

రాబర్ట్ బ్రిండిల్ అనే ఆయనకు తట్టిన ఆలోచన చాలా సులువైనది. మొత్తానికే కప్పు వేసేస్తే? మధ్యన పెద్ద గుమ్మటం, దాని కింద రాట్నాలు, చుట్టూ నలుపక్కలా దుకాణాలు. దుకాణాల ముఖాలన్నీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో షికాగో వీధులు ఎలా ఉండేవో అలా తీర్చారు. అందుకే ఆ పేరు. బోలింగ్‌బ్రూక్ పురపాలన ఏర్పడిందే 1965లో. పదేళ్ళు నిండని ఊళ్ళో ముచ్చటపడి ఒక పాత నగరం కట్టారన్నమాట! 1975 జూన్‌లో తలుపులు తెరిచారు. పూర్తిగా కప్పు కింద ఉన్న మొట్టమొదటి వినోదవనం ప్రపంచంలో ఇదేనని చాటుకున్నారు.

నేను హోసూరు నుంచి చదువుకోసం వెళ్ళినవాణ్ణి. అతడు బరంపురం నుంచి వచ్చాడు. అక్కడ తెలుగువారు కలిస్తే మొదటి ప్రశ్న "మీదే జిల్లా?" అని. మాకిద్దరికీ చెప్పడానికి జిల్లా లేదు. నాది ధర్మపురి జిల్లా అంటే "ఓహో, తమిళులా" అనేవారు. అతడిది గంజాం అంటే "ఒరియావారా" అనేవారు. అలా జిల్లా లేనివాళ్ళం ఇద్దరం ఒకే గదిలో చేరాం. నా తెలుగులో తమిళం, కన్నడం. అతడి తెలుగులో ఒడియా. ఒకరి మాటకొకరం నవ్వుకుంటూనే ఏడాది గడిపాం.

1979 జనవరి 13, 14 తేదీల్లో షికాగో మీద మంచు తుఫాను విరుచుకుపడింది. వీధులు బాగు చేయించలేకపోయాడన్న కోపంతో మేయరునే ఆ ఫిబ్రవరిలో పార్టీ ఎన్నికలో ఓడించారు జనం. మేం గది దాటి ఎన్ని రోజులైందో లెక్క తప్పింది. దారులు తెరుచుకున్నాక ఒక ఆదివారం అతడు తన డొక్కు కారు బయటికి తీసి, "పద, ఎండలేకపోతే పోయింది, వెచ్చదనమైనా ఉన్నచోటికి పోదాం" అన్నాడు.

లోపలికి అడుగుపెట్టగానే నాకు మా ఊరి చంద్రచూడేశ్వరస్వామి తేరు గుర్తుకొచ్చింది. అతడికి రెండేళ్ళకోసారి జరిగే తమ ఠాకురాణీ యాత్ర గుర్తుకొచ్చింది. దీపాలు, బూరెలు కాదుగాని వేయించిన జొన్నపేలాల వాసన, పిల్లల కేకలు. బయట మోకాలిలోతు మంచు. లోపల చొక్కా చేతులు మడుచుకుని తిరిగాం.

నీళ్ళ కాలవలో దుంగల్లాంటి పడవలు జారేవి. దానిపేరు షికాగో లాగ్ రేస్. ఇంకొకచోట పెద్ద పీపాలో గోడకు ఆనుకుని నిలబడాలి. పీపా గిర్రున తిరుగుతుండగా కాళ్ళకింది నేల దిగిపోతుంది, మనం మాత్రం గోడకు అతుక్కునే ఉంటాం. షికాగో క్యాట్ అని ఒక చిన్న రోలర్‌కోస్టర్ ఉండేది. అన్నిటికీ రాజు షికాగో లూప్. ఆ నగరం నడిబొడ్డును లూప్ అనే పిలుస్తారు. ఆ పేరే దీనికి పెట్టారు.

గొలుసు మన బండిని డెబ్భై అడుగుల దాకా లాక్కుపోయి వదిలేస్తుంది. అక్కడి నుంచి ఇంజనూ లేదు, పాడూ లేదు. భూమి ఆకర్షణే దిక్కు. పట్టాలు సీసా బిరడా తీసే మరలాగా మెలికలు తిరిగి, మనిషిని రెండుసార్లు తలకిందులు చేస్తాయి. పాతకాలంలోనూ ఇలా తిప్పే బండ్లు కట్టారుగాని మెడలు పట్టేసేవి, అందుకే మానేశారు. ఉక్కు గొట్టాలను పట్టాలుగా వంచడం నేర్చిన ఆరో అనే సంస్థ ఈ తరహా బండిని 1975లోనే మొదట కాలిఫోర్నియాలో నడిపింది. అదే ఏడు తయారైన దాని తోబుట్టువే మేమెక్కింది.

మేం వెళ్ళేసరికే చాలా దుకాణాలకు తలుపులు మూసి ఉన్నాయి. ఎందుకో అప్పుడు తెలియలేదు, తరవాత చదివి తెలుసుకున్నాను. కట్టడానికి అనుకున్నదానికంటే ఎక్కువ ఖర్చయింది. పని పూర్తికాకుండానే తెరిచారు. అక్కడి అంగళ్ళ సముదాయాలకు పట్టుకొమ్మగా ఉండే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరు ఇక్కడ లేదు. రాట్నం ఎక్కేవాడు చీరో చెప్పులో కొనడు. కొనడానికి వచ్చినవాళ్ళు ఆ రొదకు నిలవరు. పైగా 1976 మే నెలలో నగరానికి ఉత్తరాన గర్నీలో ఇంకా పెద్ద వనం తెరిచారు. 1980లో ఓల్డ్ షికాగో మూతపడింది. 1986లో భవనాన్నే పడగొట్టేశారు. ఆ నేల మీద తరవాత పాత కార్ల వేలం నడిచింది. 1978లో వచ్చిన ‘ది ఫ్యూరీ’ అనే సినిమాలో ఒక ఘట్టం ఆ గుమ్మటం కిందే తీశారు. చూడదలిస్తే అదొక్కటే కనబడేది.

అయితే ఆలోచన మాత్రం చావలేదు. కెనడాలోని ఎడ్మంటన్‌లో 1983లో, సోల్ నగరంలో 1989లో, మినెసోటాలో 1992లో ఇలాగే కప్పు కింద వనాలు వచ్చాయి, నిలిచాయి.

మా బండి సంగతి ఇంకా చిత్రం. మూతపడ్డాక దాన్ని విప్పి, అలబామాలోని బర్మింగ్‌హామ్ సంతమైదానానికి తీసుకుపోయారు. అక్కడా ఎన్నాళ్ళో ఉండలేదు. 1987లో న్యూ హాంప్‌షైర్‌లోని కనోబీ లేక్ పార్కులో బిగించారు. అక్కడ దానిపేరు కనోబీ కార్క్‌స్క్రూ. 2021 దాకా తిరిగింది. పుట్టినచోట అయిదేళ్ళు, పరాయిచోట, ఆ ఊరి పేరు పెట్టుకుని, ముప్ఫై నాలుగేళ్ళు. అక్కడెక్కిన పిల్లలకు అది కనోబీదే. షికాగో నుంచి వచ్చిందని చెబితే నమ్మరేమో. నన్ను తమిళుడివా అని అడిగినవాళ్ళ మీద ఒకప్పుడు కోపం వచ్చేది. ఈ బండి కథ చదివాక ఆ కోపం తగ్గింది. ఎక్కడ బిగిస్తే అక్కడ తిరగడమే దాని పని. ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఎవరో ఒకరు చెబుతూ ఉండాలి. చెప్పేవాళ్ళు పోతే, కూతురికే తండ్రి మాట కట్టుకథలా వినిపిస్తుంది.

ఇదంతా రాసి పంపితే ఆ అమ్మాయి మళ్ళీ ఒకే ఒక్క ప్రశ్న రాసింది: "బాబాయిగారూ, తలకిందులైనప్పుడు నాన్న ఏమని అరిచారు?"

"అమ్మో" అని అరిచాడమ్మా. పక్కన కూర్చున్న నేనూ అదే మాట అరిచాను. ఆ ఒక్క మాటకు మాత్రం మేం ఒకరినొకరం చూసి నవ్వుకోవలసిన పని పడలేదు.