పదమూడు సెకండ్లు, ఒక పాట

ఒక పాటను ప్రసారము చేయవలెనా వలదా యను ప్రశ్న మావంటి రేడియో ఉద్యోగులకు దినదినము ఎదురగునదే. చాలవఱకు అది కాలవ్యవధికో, అభిరుచికో సంబంధించిన చిన్న ప్రశ్న. 1970వ సంవత్సరపు వేసవిలో అమెరికాలోని పెక్కు రేడియో కేంద్రములకు మాత్రము అది చిన్న ప్రశ్న కాలేదు.

ఆ ఏడు ఏప్రిల్ 30వ తేదీన అధ్యక్షుడు నిక్సన్ వియత్నాం యుద్ధమును కంబోడియాలోనికి విస్తరింపజేయుచున్నట్లు ప్రకటించెను. విద్యార్థిలోకము భగ్గుమనెను. ఒహాయో రాష్ట్రమందలి కెంట్ విశ్వవిద్యాలయములో సైనికశిక్షణకు వాడుచుండిన భవనమొకటి మే 2వ తేదీ రాత్రి తగులబడెను. నేషనల్ గార్డు అను రాష్ట్ర సైనికదళము ఊరిలో దిగెను. 4వ తేదీ సోమవారము మధ్యాహ్నము ఆ దళములో 28 మంది 13 సెకండ్ల కాలములో సుమారు 67 గుండ్లు పేల్చిరి. కొన్ని గాలిలోనికిని, కొన్ని నేలలోనికిని పోయెను. కొన్ని మనుష్యులకు తగిలెను. నలుగురు విద్యార్థులు మరణించిరి, తొమ్మండుగురు గాయపడిరి. మృతులలో అతిసమీపముననున్న యువకుడు సైతము సుమారు 265 అడుగుల దూరమున నుండెను. ఇరువురు అసలు నిరసనలో పాల్గొన్నవారే కారు.

ఆ దృశ్యముల ఛాయాచిత్రములు లైఫ్ పత్రికలో వెలువడెను. కెనడా దేశీయుడైన నీల్ యంగ్ వానిని చూచి “ఒహాయో” అను రాక్ పాట వ్రాసెను. క్రాస్బీ, స్టిల్స్, నాష్, యంగ్ అను నలువురి బృందము మే 21వ తేదీన లాస్ ఏంజెలెస్ నగరమున దానిని రికార్డు చేసెను. దుర్ఘటనకును పాటకును నడుమ పదునేడు దినములే! గిటారు నాదము తొలుతనే కవాతు నడకను తలపించును. కొసను వినవచ్చు ఆక్రందన క్రాస్బీది. పాడుట ముగియగానే ఆయన విలపించెనని యంగ్ తరువాత వ్రాసెను.

పాటలో నిక్సన్ పేరు ఉన్నది. మీడియం వేవ్ కేంద్రములు కొన్ని దానిని వినిపించుటకు నిరాకరించినవి. అప్పుడప్పుడే యువజనులను ఆకర్షించుచుండిన ఎఫ్.ఎం. కేంద్రములు మాత్రము దానిని మరల మరల వినిపించినవి. పై అధికారి కనుబొమలు ముడివడుట యననేమో ఎఱిగినవాడను గనుక నిరాకరించినవారిని నేను తేలికగా నిందింపజాలను. అయినను, వినవలసినవారు వినిరి. బిల్‌బోర్డు పత్రిక పట్టికలో ఆ పాట 14వ స్థానము వఱకు ఎగబ్రాకెను.

ఈ జనాదరణ యంగ్‌నకు పూర్తి తృప్తి నిచ్చినట్లు తోచదు. 1977లో తన పాటల సంపుటమునకు వ్రాసిన వ్యాఖ్యలో, విద్యార్థుల మరణము తనకు లాభించుట విపరీతముగా నున్నదని ఒప్పుకొనెను. ఇట్టి మాట పలికిన గాయకులు అరుదు. కోర్టులలో వ్యాజ్యము ఏండ్లతరబడి సాగి, 1979 జనవరిలో రాజీ కుదిరెను. గాయపడినవారికిని, మృతుల కుటుంబములకును కలిపి 6,75,000 డాలర్లు ముట్టెను. ప్రతివాదులు సంతకము చేసిన పత్రమున విచారము కలదు గాని నేరాంగీకారము లేదు.

మఱియొక విషయము నన్ను వెంటాడుచున్నది. కెంట్ ఘటన జరిగిన పదునొకండవ దినమున, మే 15వ తేదీ తెల్లవాఱక మునుపే, మిసిసిపీ రాష్ట్రములోని జాక్సన్ కళాశాలలో విద్యార్థినుల వసతిగృహముపై పోలీసులు కాల్పులు జరిపిరి. ఇరువురు యువకులు మరణించిరి. అది నీగ్రోజాతి విద్యార్థులు చదువు కళాశాల. “ఒహాయో” రికార్డయినది ఆ తరువాత ఆఱు దినములకు. అందు జాక్సన్ ప్రసక్తి లేదు.