ఫోన్ బ్యాకప్: ఒక నకలు ఇంట్లో, మరొకటి సముద్రానికి ఆవల

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీ విజయపురంలో (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) డెలానీపూర్ ఒక నివాస ప్రాంతం. అక్కడి కుటుంబాలకు కూడా చేతిలోని ఫోనే నేడు కంప్యూటరు. బంధువుల నంబర్లు, పిల్లల ఫోటోలు, బ్యాంకు సందేశాలు అన్నీ అందులోనే. ఫోన్ పోయినా, పాడైనా వాటిని తిరిగి పొందేందుకు ముందుగా దాచుకునే నకలే బ్యాకప్.

నకలును ఎక్కడ దాచాలన్నది దీవుల్లో మరింత ముఖ్యం. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ దీవులను అతలాకుతలం చేసింది. ఫోను, దాని నకలు ఒకే ఇంట్లో ఉంటే అటువంటి విపత్తులో రెండూ పోవచ్చు. అందుకే ఒక నకలు దీవికి వెలుపల ఉండాలి. ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహాలపై ఆధారపడిన కాలంలో ఇది కష్టసాధ్యం. సుమారు 2,300 కిలోమీటర్ల చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యాక మార్గం సుగమమైంది.

అమర్చుకునే విధానం

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, గూగుల్ విభాగంలోని బ్యాకప్‌ను ఆన్ చేయాలి. కాల్ వివరాలు, సందేశాలు, సెట్టింగులు, యాప్‌ల సమాచారం ఖాతాలో భద్రమవుతాయి. ఫోటోల కోసం గూగుల్ ఫోటోస్‌లోనూ, సంభాషణల కోసం వాట్సాప్ సెట్టింగ్స్‌లోని చాట్స్ విభాగంలోనూ బ్యాకప్‌ను విడిగా ఎంచుకోవాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే స్థలం 15 జీబీ. ఐఫోన్‌లో ఐక్లౌడ్ ఉచిత పరిమితి 5 జీబీ.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోని పత్రాలు ఈ బ్యాకప్‌లో చేరకపోవచ్చు. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. నెట్‌వర్క్ లేని రోజున అక్కరకు వచ్చేది ఈ రెండో నకలే.

గమనించవలసినవి

ఫోనును 57 రోజులు వాడకపోతే గూగుల్ ఖాతాలోని ఫోన్ బ్యాకప్ తొలగిపోవచ్చు. ఫోటోలకు ఈ నియమం వర్తించదు. అయితే గూగుల్ ఫోటోస్‌లో ఒక చిత్రాన్ని తొలగిస్తే ఫోన్‌లోనూ, ఖాతాలోనూ పోతుంది.

ఫోనుతో పాటు సిమ్ కూడా పోతే ఓటీపీ అందదు. ఓటీపీ లేనిదే ఖాతా తెరుచుకోకపోవచ్చు. అప్పుడు నకలు ఉన్నా చేతికి రాదు. రెండంచెల ధ్రువీకరణ వాడేవారికి గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. వాటిని కాగితంపై రాసి ఇంట్లో ఒక ప్రతిని, విశాఖలోనో శ్రీకాకుళంలోనో ఉన్న నమ్మకమైన బంధువుల వద్ద మరొక ప్రతిని ఉంచడం మేలు.

చివరగా, నెలకొకసారి బ్యాకప్ తేదీని సరిచూసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లోని ఒకటి రెండు పత్రాలను తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే.