గాలిని చీల్చిన కాంతి, గాలి పలికిన తరంగం

రూబీ లేజర్ కాంతిని కటకంతో ఒక్క బిందువుకు చేరిస్తే మామూలు గాలిలోనే నిప్పురవ్వ పుడుతుందని, ఫోర్డ్ మోటార్ కంపెనీ ప్రయోగశాలకు చెందిన టెర్హ్యూన్ బృందం 1963లో పారిస్ సమావేశంలో చెప్పింది. ఆ రవ్వే ప్లాస్మా. అప్పటి పల్స్‌లు నానోసెకన్లవి. ఒక ఎలక్ట్రాన్ అణువులను ఢీకొని మరికొన్నిటిని ఊడగొట్టి, అవి ఇంకొన్నిటిని ఊడగొట్టేంత వ్యవధి వాటికి ఉండేది. ఫెమ్టోసెకను పల్స్‌కు ఆ తీరిక లేదు. కాంతిలోని విద్యుత్ క్షేత్రమే ఎలక్ట్రాన్లను నేరుగా లాగేస్తుంది. ఈ తరహా అయనీకరణకు కెల్డిష్ 1964లోనే సిద్ధాంతం రాసిపెట్టాడు. అంతటి పల్స్‌లను సులువుగా అందించిన పద్ధతిని మాత్రం 1985లో రోచెస్టర్‌లో స్ట్రిక్‌లాండ్, మూరూ కనిపెట్టారు.

ఆ ప్లాస్మా కంటికి కనిపించే వెలుగుతో పాటు టెరాహెర్ట్జ్ తరంగాలనూ వెదజల్లుతుందని 1993లో బర్కిలీలో హామ్‌స్టర్ బృందం చూపింది. కానీ అది బలహీనమైన ఉద్గారం. 2000లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కుక్, హాక్‌స్ట్రాసర్ 800 నానోమీటర్ల కాంతికి దాని సగం తరంగదైర్ఘ్యం గల కాంతిని జోడించగానే ఉద్గారం ఎంతో బలపడింది. అణువులకు అంటిపెట్టుకుని ఉన్న ఎలక్ట్రాన్లే కాంతి తరంగాలను కలిపి ఈ పని చేస్తున్నాయని వారు వివరించారు. 2007లో లాస్ అలమోస్‌కు చెందిన కిమ్ బృందం దీన్ని తిరగరాసింది. ఒకే రంగు కాంతిలో విడుదలైన ఎలక్ట్రాన్లు అటూ ఇటూ సమానంగా సాగి, నికర ప్రవాహం దాదాపు సున్నా అవుతుంది. రెండు రంగులు తగిన దశాభేదంతో కలిస్తే ఆ సమానత్వం చెడి, ఎలక్ట్రాన్లు ఒకే వైపు మొగ్గుతాయి. క్షణమాత్రంలో ఎగసిన ఆ విద్యుత్ ప్రవాహమే టెరాహెర్ట్జ్ తరంగాన్ని పుట్టిస్తుంది. ఈ రంగం చరిత్రలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం.

ఏడేళ్లపాటు సరైన వివరణ లేకుండానే రెండు రంగుల పద్ధతి పనిచేసింది కదా, ఇక వివరణతో ఒరిగేదేమిటి అని అడగవచ్చు. ఒరిగింది చాలా ఉంది. ప్రవాహమే మూలమైతే, లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్ల వేగం పెరగాలి, ఉద్గారమూ పెరగాలి. 2013లో క్లెరిచి బృందం 1.8 మైక్రాన్ల వరకు వెళ్లి ఈ పెరుగుదలను చూసింది. 800 నానోమీటర్ల దగ్గర సాధారణంగా 0.01 శాతం పరిధిలో ఉండే శక్తి మార్పిడి, 2020లో 3.9 మైక్రాన్ల లేజర్‌తో 2.36 శాతానికి చేరింది. పాత వివరణనే నమ్ముకుని ఉంటే ఈ దారి తోచడం కష్టం.

అలాగని ప్రవాహ సిద్ధాంతం ఒక్కటే అన్నిటికీ సమాధానమని నేను అనను. అయనీకరణ అంతగా లేని తీవ్రతల దగ్గర అణువులలోని ఎలక్ట్రాన్ల పాత్ర నిజమే. ఒకే రంగు కాంతి గాలిలో గీసే సన్నని ప్లాస్మా తంతువు నుంచి శంకువు ఆకారంలో వచ్చే ఉద్గారానికి 2007లోనే ఫ్రెంచ్ పరిశోధకులు వేరే కారణం చూపారు. పల్స్ నిడివి మారినా కథ మారుతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని ఆక్రెమ్ కేంద్రం నానోసెకను, పికోసెకను పల్స్‌లతో గాలిలో పుట్టించిన ప్లాస్మా నుంచి 30 మెగాహెర్ట్జ్ మొదలు 1 గిగాహెర్ట్జ్ వరకు రేడియో తరంగాలను కొలిచింది. ఆ ఉద్గారానికి టెరాహెర్ట్జ్ సూత్రాన్ని అంటగట్టడం సరికాదు. అక్కడ ఎలక్ట్రాన్లు అయాన్లతోనూ తటస్థ అణువులతోనూ జరిపే చర్యలను లెక్కలోకి తీసుకోవాలి.