జంగిల్‌లో డేరా

"అబ్బా! కాలేజీ వాళ్లు మూడు రోజులు జంగిల్‌కు తీసుకెళ్తారట. డేరాల్లో పడుకోవాలి, ప్లాస్టిక్ ఏరాలి, పరిందాలను లెక్కపెట్టాలి. ఇజాజత్ ఇవ్వండి" అంది బేటీ. "ఆడపిల్లకు జంగిలెందుకు?" అని మా అమ్మీ ఫికర్.

నాకు తారీఖ్ యాదికొచ్చింది. 1908లో బొంబాయిలో ఒక యతీం పిల్లవాడు, తాను కొట్టిన పిచ్చుక మెడ మీద పసుపు మచ్చ ఏమిటో తెలుసుకోవాలని నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లాడు. ఆయనే సలీం అలీ. డిగ్రీ లేకున్నా 1931లో నిజాం రియాసత్‌లో ఊరూరా, అడవి అడవీ తిరిగి ఏ పరిందా ఎక్కడుందో రాసిపెట్టారు. నిన్న ఉన్నది నేడు ఉందో లేదో చెప్పేది అలాంటి లెక్కలే. ఆయన సఫర్లలో బేగం తెహ్మీనా కూడా వెంట ఉండేవారు.

"తొంభై ఏళ్ల కిందటే ఆమె వెళ్లారు అమ్మీ" అన్నాను.

అమ్మీ ఏమీ అనలేదు. లేచి, బేటీ సంచిలో టార్చి లైటు పెట్టింది.