తిప్పతీగ, టీబీ మాత్రలు, మన లివర్

పోయిన ఆదివారం సంఘం మీటింగ్ అయ్యాక, హెబ్బగోడిలో మా వీధి చివర ఉండే పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. మదనపల్లె వైపు మనిషి. టీబీ మందులు మొదలుపెట్టి మూడు వారాలైంది. "ఏమయ్యా, నువ్వు ఏవేవో చదువుతుంటావు కదా. ఈ మాత్రలు లివర్‌ను పాడు చేస్తాయంట. మా కోడలు తిప్పతీగ రసం తీసిస్తానంటోంది. తాగమంటావా?" అన్నారు. నేను డాక్టర్ని కాను, ఆ మాటే చెప్పాను. కానీ ఆ ప్రశ్న వెనక ఎంత చరిత్ర ఉందో ఇంటికొచ్చి పుస్తకాలు, పేపర్లు తిరగేస్తే తెలిసింది. అందుకే ఈ పోస్టు, కాస్త పొడుగే.

ఆయన ఊరి పక్కనే ఆరోగ్యవరం ఉంది. అక్కడి టీబీ శానిటోరియం 1915లో మొదలైంది. అప్పట్లో వైద్యమంటే మంచి గాలి, తిండి, విశ్రాంతి. అంతే. 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక కథ మారింది. 1956లో మద్రాసులో పెట్టిన టీబీ పరిశోధన కేంద్రం, మాత్రలు సరిగ్గా వేసుకుంటే రోగి ఇంట్లో ఉన్నా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని 1959లో చూపించింది. పేదవాడి ఇంటికి వైద్యం నడిచొచ్చినట్టే. తర్వాత రిఫాంపిసిన్, పైరజినమైడ్ కలిసి ఏడాదికి పైగా సాగే కోర్సును ఆరు నెలలకు తెచ్చాయి.

లివర్ సంగతి బాగా బయటపడింది 1970లో, అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో. టీబీ రాకుండా ముందు జాగ్రత్తగా ఐసోనియాజిడ్ ఇచ్చిన 2,321 మంది ఉద్యోగుల్లో 19 మందికి లివర్ వాచింది, ఇద్దరు చనిపోయారు. గమనించండి, వీళ్ళు జబ్బుతో ఉన్నవాళ్ళు కాదు. ఈ మందును కొందరి శరీరం త్వరగా మారుస్తుంది, కొందరిది నెమ్మదిగా. అది పుట్టుకతో వచ్చే తేడా, బయటికి కనిపించదు.

మన దగ్గర లెక్క కూడా ఉంది. ఇక్కడి నుంచి హోసూరు రోడ్డు పట్టుకుని సిల్క్ బోర్డ్ దాటితే కోరమంగళలో సెయింట్ జాన్స్ ఆసుపత్రి వస్తుంది కదా. మందుల వల్ల లివర్ దెబ్బతిన్న 313 మంది వివరాలను అక్కడి డాక్టర్ హర్షద్ దేవర్భావి బృందం 2010లో ప్రచురించింది. అందులో సుమారు 58 శాతం టీబీ మందుల వల్లే. మొత్తం మీద వందకు 17 మంది దాకా చనిపోయారు. పెద్దాయన భయం ఉత్తుత్తిది కాదన్నమాట.

మరి తిప్పతీగ? కన్నడిగులు అమృతబళ్ళి అంటారు, పేరులోనే అమృతం. ఎలుకల మీద ప్రయోగాలు కుప్పలుగా ఉన్నాయి. నేల ఉసిరి మీదా, నేలవేము మీదా అంతే. ముందు చెట్టు సారం తాగించి, తర్వాత లివర్‌ను దెబ్బతీసే మందిచ్చి, రక్తంలో ఎస్జీపీటీ ఎంత పెరిగిందో చూస్తారు. సారం తాగిన ఎలుకలు తరచూ మెరుగ్గానే ఉంటాయి. నాకిక్కడే అనుమానం. ఆ ఎలుకలన్నిటికీ కొలిచి విషం ఇస్తారు, మనుషుల్లో మాత్రం ఒకే మోతాదు తిన్న వందమందిలో ఏ కొందరికో దెబ్బ తగులుతుంది. రెండూ ఒకటెలా అవుతాయి?

మనుషుల మీద చేసిన పనీ ఒకటుంది. 2008లో అధ్వర్యు తదితరులు 508 మంది టీబీ రోగులతో చేసిన అధ్యయనం ప్రచురించారు. మాత్రలతో పాటు పసుపు, తిప్పతీగ తీసుకున్న 316 మందిలో ఇద్దరికే లివర్ ఇబ్బంది వచ్చింది, ఉత్త మాత్రలు తీసుకున్న 192 మందిలో 27 మందికి. చదివినప్పుడు నిజంగా సంతోషమేసింది. పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పబోయాను కూడా.

చేయకపోవడం మంచిదైంది. కోవిడ్ రోజులు గుర్తున్నాయా? మన వీధిలో కషాయం కాచని ఇల్లు లేదు. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ తీసుకున్నాక లివర్ దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు. తిప్పతీగను పోలిన వేరే జాతి తీగ అయివుంటుందని ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పింది. అది తోసిపుచ్చదగ్గ మాట కాదు, ఆకు చూసి తీగను గుర్తుపట్టడం మనలో ఎంతమందికి వచ్చు? కానీ 2022లో హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి డాక్టర్ ఆనంద్ కులకర్ణి, దేశంలోని వేరే ఆసుపత్రుల వాళ్ళు కలిసి అలాంటివే 43 కేసులు చూపించారు. లివర్‌కు కాపలా అనుకున్న తీగే కొందరిలో శరీరపు రక్షణ వ్యవస్థను సొంత లివర్ మీదికే రెచ్చగొడుతోందని వాళ్ళ అనుమానం.

రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మొదటిది అబద్ధమని నేననను. కానీ ఆ అధ్యయనంలో ఇచ్చింది తయారు చేసిన మందు, పైగా రోగులను గమనిస్తూ ఇచ్చారు. కోడలు గోడ మీది తీగ దంచి తీసే రసానికి మోతాదు ఏది? రేపు ఎస్జీపీటీ పెరిగితే తప్పు మాత్రదా, తీగదా అని డాక్టర్ ఎలా తేలుస్తారు?

మంగళవారం పెద్దాయనను ఆయన డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. రసం సంగతి దాచకుండా చెప్పించాను. కోర్సు అయ్యేదాకా రసం వద్దన్నారు, లివర్ పరీక్ష రాశారు. ఆకలి చచ్చినా, వాంతులైనా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్ళు పచ్చబడ్డా అదే రోజు రమ్మన్నారు. సొంతంగా మాత్రలు ఆపొద్దని మూడుసార్లు చెప్పారు. నిన్న రిపోర్టు వచ్చింది, ఎస్జీపీటీ మామూలుగానే ఉంది. రెండు వారాలకు మళ్ళీ పరీక్ష. కోడలికి మాత్రం నా మీద కొంచెం కోపంగానే ఉంది.