మరియాన్ నార్త్ చిత్రాల్లో పువ్వూ నేలా: ఒక పరిశీలన

లండన్ సమీపంలోని క్యూ ఉద్యానవనంలో 1882లో ప్రారంభమైన ఒక చిత్రశాల గోడలపై ఎనిమిది వందలకు పైగా తైలవర్ణ చిత్రాలు సందు లేకుండా అమర్చి ఉన్నాయి. అన్నీ ఒక్కరి చేతివే. చిత్రకారిణి మరియాన్ నార్త్ (1830–1890). ఆమెను చిత్రకళ వారు వృక్షశాస్త్రానికీ, వృక్షశాస్త్రం వారు చిత్రకళకూ అప్పగించి ఊరుకోవడం కద్దు. పుష్పచిత్రణనూ ప్రకృతిదృశ్య చిత్రణనూ ఒకే ఫలకంపై కలపడం ఆమె ప్రత్యేకత అనీ, ఆ కలయికకు బీజం ఆమె పొందిన అరకొర శిక్షణలోనే ఉందనీ చూపడం ఈ వ్యాస ప్రయత్నం.

హేస్టింగ్స్‌లో పుట్టిన నార్త్ తొలి మక్కువ సంగీతం. గొంతు సహకరించక చిత్రకళ వైపు మళ్లింది. పూలు వేయడం ఒక డచ్ చిత్రకారిణి వద్ద, తర్వాత వాలెంటైన్ బార్తొలొమ్యూ వద్ద కొన్ని పాఠాలుగా నేర్చుకుంది. కుటుంబ మిత్రుడు ఎడ్వర్డ్ లియర్ దేశాలు తిరుగుతూ దృశ్యాలు చిత్రించినవాడు; హాస్యపద్యాల కీర్తి ఆయన చిత్రాలను మరుగుపరచింది. తైలవర్ణాల పనితనం 1860ల చివర రాబర్ట్ డౌలింగ్ నేర్పాడు. అది పట్టుబడ్డాక ఆమె మళ్లీ నీటిరంగుల వైపు పెద్దగా చూడలేదు. ఒక్కొక్కరి వద్దా ఒక్కొక్క ముక్క. ఏ గురువూ పూర్తిగా తన దారిలో నడిపించలేదు కనుకనే పువ్వుకొక పద్ధతి, కొండకొక పద్ధతి అనే విభజన ఆమెలో గట్టిపడలేదని నా అభిప్రాయం.

వీరందరికంటే బలమైన ప్రేరణ ఒక పూలగుత్తి. తండ్రితో క్యూకు వెళ్లినప్పుడు సర్ విలియం హుకర్ బర్మా వృక్షమైన ఆంహర్‌స్టియా పూలగుత్తిని ఆమెకిచ్చాడు. ఉష్ణమండలాన్ని చూడాలన్న కోరిక దానివల్ల పెరిగిందని ఆమె ఆత్మకథలో చెప్పుకుంది. 1869లో తండ్రి మరణించాడు. 1871లో ఆమె ప్రయాణాలు మొదలయ్యాయి: అమెరికా, జమైకా, బ్రెజిల్, జపాన్, బోర్నియో, సింహళం.

నాటి వృక్షశాస్త్ర చిత్రణలో మొక్క తెల్ల కాగితంపై ఒంటరిగా నిలుస్తుంది. వేరు, ఆకు, పువ్వు, కాయ విడివిడిగా కనిపిస్తాయి. వర్గీకరణకు అది చాలు. నార్త్ చిత్రంలో పువ్వు కంటికి దగ్గరగా, పెద్దదిగా ఉంటుంది. దాని వెనుక అది పుట్టిన కొండో నదో ఊరో ఉంటుంది. మన ప్రబంధాల ఉద్యానవన వర్ణనల్లో వేర్వేరు నేలల చెట్లు ఒకే తోటలో పూస్తాయి. అది కవిసమయం, దోషం కాదు. నార్త్‌ది దానికి ఎదురుదారి: ఈ పువ్వు ఈ నేలది అని చెప్పడం.

ఈ సూత్రానికి ఆమె ప్రసిద్ధ చిత్రమే అపవాదు కావడం గమనించదగ్గది. 1876లో సారవాక్‌లో ఆమె చిత్రించిన కూజామొక్కను సున్నపురాతి కొండల నుంచి ఎవరెట్ అనే ఆయన తెచ్చి ఇచ్చాడు. అది పెరిగే చోటును ఆమె చూడలేదు. ఆ చిత్రం చూసిన వీచ్ నర్సరీ వారు మొక్క కోసం మనిషిని పంపారు; 1881లో జోసెఫ్ హుకర్ దానికి నెపెంథిస్ నార్తియానా అని పేరు పెట్టాడు. శాస్త్రం కంటే చిత్రం ముందు నడిచింది, కాని ఆ మొక్కను కోసి తెచ్చిన చేతులు వేరు.

1877 చివర ఆమె సింహళం నుంచి దక్షిణ భారతదేశానికి వచ్చింది. తంజావూరు సరస్వతీ మహల్ సంస్కృత ప్రతుల సూచిక ద్వారా మన పరిశోధకులకు పరిచితుడైన ఏ.సి. బర్నెల్, హిందువులు పవిత్రంగా చూసే మొక్కల గురించి ఆమెకు చెప్పాడు. ఆ మొక్కల చిత్రణ ఆమె భారతయాత్రలో ఒక లక్ష్యమైంది. ఇక్కడ నేలతో పాటు ఆచారం కూడా పువ్వుకు నేపథ్యమైంది. అయితే అది మద్రాసు రాజధానిని 1876–78 కరువు పీడించిన కాలం. దాని జాడ ఆమె పూలచిత్రాల్లో లేదు. నేలను పువ్వు వెనుక నిలిపిన చిత్రకారిణి, ఆ నేలపై జరుగుతున్నదాన్ని చట్రం బయట ఉంచింది. పాలకుల ఆతిథ్యంలో సాగిన యాత్రకు ఇది సహజమే కావచ్చు. విమర్శకులు విస్మరించదగినది మాత్రం కాదు.

చిత్రశాల నమూనా గీసింది జేమ్స్ ఫెర్గుసన్, 1868లో సాంచీ, అమరావతి శిల్పాల ఆధారంగా వృక్ష, సర్పారాధనలపై గ్రంథం ప్రచురించినవాడు. చిత్రాలను దేశాల వారీగా అమర్చి, వాటి కింద 246 రకాల కలప పలకలను నార్త్ పొదిగించింది. సందర్శకులకు టీ, కాఫీ ఇవ్వాలన్న ఆమె కోరికను జోసెఫ్ హుకర్ ఒప్పుకోలేదు. ఆమె ఆ రెండు మొక్కలనూ గుమ్మాలపై చిత్రించి ఊరుకుంది.